మాంసోత్పత్తి పశువుల ప్రజననంలో జన్యు సమాచారం: నెలోర్ జాతి అనుభవం – కొన్ని ఆలోచనలు

బ్రెజిల్ దేశంలో 2023లో జరిగిన ఒక వేలంలో 'వయాటినా-19' అనే నెలోర్ ఆవు యాజమాన్యంలో మూడవ వంతు మాత్రమే అమ్మకానికి వచ్చినది. ఆ వాటాకు పలికిన ధరను బట్టి లెక్కిస్తే ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లను మించినది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా అది రికార్డులకు ఎక్కినది. నెలోర్ జాతికి మూలం ఒంగోలు పశువే గనుక తెలుగు పత్రికలు ఈ వార్తను ఒంగోలు జాతి ఘనతగా ప్రచురించినవి. ఆ గర్వం సహజమే. అయితే ఆ ధర వెనుక ఉన్నదేమిటన్న ప్రశ్న ఈ సంతోషంలో మరుగున పడినది. తరతరాల వంశావళి, లక్షల దూడల తూనికలు, వాటి నుండి లెక్కించిన జన్యు విలువలు, ఇటీవలి కాలంలో వాటికి తోడైన డీఎన్ఏ సమాచారం కలిసి ఆ జాతికి నేటి మార్కెట్టు విలువను కల్పించినవి.

మాంసోత్పత్తి పశువుల ప్రజననంలో జన్యు సమాచారపు వినియోగం ఇప్పుడు ప్రయోగశాల దాటి పశుపాలకుని చేతికి వచ్చినది. కొద్దిపాటి తోక వెంట్రుకలను పంపితే కొన్ని వారాలలో దూడ భవిష్యత్తు అంకెల రూపంలో తిరిగి వస్తున్నది. ఈ సౌలభ్యం ఒక అపోహకు దారి తీయుచున్నది. డీఎన్ఏ పరీక్ష వచ్చిన తరువాత పశువులను తూచి, కొలిచి, రాసుకోవలసిన శ్రమ తప్పుతుందన్నదే ఆ అపోహ. అనుభవం దీనికి విరుద్ధంగా ఉన్నది. జన్యు సమాచారపు విలువ దాని వెనుక ఉన్న కొలతల విలువను మించజాలదు. నెలోర్ చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

ఒంగోలు నుండి నెలోర్ వరకు

నెల్లూరు పేరుతో బ్రెజిల్ చేరిన ఈ పశువులు 19వ శతాబ్దం నుండి విడతలు విడతలుగా సముద్రం దాటినవి. చివరి పెద్ద దిగుమతి 1960 దశకం ఆరంభంలో జరిగినది. ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరును మోసుకొని వెళ్లిన 'కరవది' అనే ఆబోతు ఆ విడతలోనిదే. నేటి నెలోర్ వంశావళులలో తరచుగా కనిపించే మూలపురుషులలో అది ఒకటి. ఇప్పుడు బ్రెజిల్ పశుసంపద 20 కోట్లకు పైబడినది. అందులో అత్యధిక భాగం నెలోర్, లేదా నెలోర్ రక్తం కలిసిన పశువులే.

దిగుమతి అయిన పశువుల సంఖ్య మాత్రం చాలా స్వల్పం. ఇంత పెద్ద మంద అంత చిన్న మూలం నుండి విస్తరించడానికి కారణం ఒంగోలు ఆబోతులను అక్కడి స్థానిక ఆవులతో తరతరాలుగా దాటించడమే. తల్లి నుండి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏను 1990 దశకంలో పరిశీలించినపుడు, బ్రెజిల్ నెలోర్ పశువులలో అధిక భాగం ఐరోపా మూలానికి చెందిన తల్లుల వారసత్వాన్ని మోస్తున్నట్లు తేలినది. మూపురం, గంగడోలు, తెల్లని వెంట్రుకల రంగు తండ్రుల నుండి వచ్చినవి. తల్లుల కథ వంశావళి పుస్తకాలలో కనిపించలేదు, డీఎన్ఏలో కనిపించినది. రాతకు అందని చరిత్రను చదవగల శక్తి జన్యు సమాచారానికి ఉన్నదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

మాంసపు పశువులలో ఎంపిక ఎందుకు కష్టం

పాడి పశువులలో ఎంపికకు కావలసిన కొలత ప్రతిదినం చేతికి అందుతుంది. పాల దిగుబడిని నెలనెలా నమోదు చేస్తారు. కృత్రిమ గర్భోత్పత్తి వలన ఒక ఆబోతుకు వేల సంఖ్యలో కుమార్తెలు వేర్వేరు మందలలో ఉంటాయి. అందుచేత హోల్‌స్టీన్ జాతిలో జన్యు ఎంపిక త్వరగా స్థిరపడినది. అమెరికాలో 2009 నాటికే అధికారిక జన్యు మూల్యాంకనం ఆరంభమైనది.

మాంసపు పశువుల పరిస్థితి వేరు. వేల ఎకరాల పచ్చికబయళ్లలో ఒకే ఆవరణలో అనేక ఆబోతులను ఆవులతో కలిపి వదులుతారు. పుట్టిన దూడకు తల్లి ఎవరో తెలుసును గాని తండ్రి ఎవరో తెలియదు. మాంసపు మృదుత్వం, కండరాల మధ్య కొవ్వు వంటి లక్షణాలను ఖచ్చితంగా కొలవాలంటే పశువును వధించవలసి వస్తుంది. అలా కొలిచిన పశువు తిరిగి ప్రజననానికి ఉపయోగపడదు. సంతానసాఫల్యం ఆడ పశువులలోనే, అదీ ఆలస్యంగా వ్యక్తమవుతుంది. పైగా దాని అనువంశికత తక్కువ. మేత వినియోగ సామర్థ్యం కొలవాలంటే ప్రతి పశువు ఎంత తిన్నదో నమోదు చేసే ఖరీదైన తొట్లు కావాలి.

ఎంపిక వలన కలిగే ప్రగతి నాలుగు అంశాలపై ఆధారపడునని ప్రజనన శాస్త్రం బోధిస్తుంది: ఎంపిక తీవ్రత, అంచనా ఖచ్చితత్వం, మందలోని జన్యు వైవిధ్యం, తరానికి తరానికి మధ్య వ్యవధి. మాంసపు పశువులలో ఖచ్చితత్వం తక్కువ, వ్యవధి ఎక్కువ. అందువలన జన్యు సమాచారపు అవసరం పాడి పశువులలో కంటే ఇక్కడే అధికం. ఆ సమాచారాన్ని సార్థకం చేసే కొలతల కొరత కూడా ఇక్కడే అధికం. సమస్య అంతా ఈ వైరుధ్యంలోనే ఉన్నది.

జన్యు సమాచారం చేయగల మేలు

ఒకే తల్లిదండ్రులకు పిండ మార్పిడి ద్వారా పుట్టిన 10 కోడెదూడలను ఊహించవచ్చును. బ్రెజిల్‌లో ప్రయోగశాల ఫలదీకరణం విస్తృతంగా సాగుతున్నందున ఇది నిత్యం ఎదురయ్యే సందర్భమే. వంశావళి మాత్రమే ఆధారమైతే ఈ 10 దూడల అంచనా విలువ ఒక్కటే. నిజానికి ప్రతి దూడ తల్లిదండ్రుల జన్యువులలో వేర్వేరు సగాలను పొంది ఉంటుంది. ఏది మేలైన సగం పొందినదో తెలుసుకోవడానికి పూర్వం వాటి సంతతి పెరిగి పెద్దదయ్యే వరకు ఎదురుచూడవలసి వచ్చేది. డీఎన్ఏ చిప్ పశువు జన్యురాశిలోని సుమారు 50,000 స్థానాలను చదివి ఆ తేడాను దూడ పుట్టిన నాడే సూచించగలదు. ఒక్క పరీక్ష వలన లభించే సమాచారం, లక్షణాన్ని బట్టి, కొన్ని దూడల రికార్డులు మొదలు 20కి పైబడిన దూడల రికార్డులతో సమానమని ఆంగస్ జాతి అనుభవం తెలుపుతున్నది.

ఈ పద్ధతికి సిద్ధాంత పునాది 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ ప్రచురించిన పరిశోధన. ఆవు జన్యురాశి పూర్తి పటం 2009లో వెలువడినది. ఆ పటానికి ఆధారమైన ఆవు, మోంటానా రాష్ట్రంలోని పరిశోధన కేంద్రానికి చెందిన 'డామినెట్' అనే హెర్ఫర్డ్ ఆవు. అంటే మాంసపు జాతి పశువే. తరువాత జార్జియా విశ్వవిద్యాలయంలోను, ఫ్రాన్సులోను కృషి చేసిన శాస్త్రవేత్తలు వంశావళిని, కొలతలను, డీఎన్ఏ సమాచారాన్ని ఒకే గణనలో కలిపే ఏకదశ పద్ధతిని రూపొందించినారు. పరీక్ష జరగని పశువుల రికార్డులు కూడా ఈ గణనలో వృథా కాకపోవడం దాని విశిష్టత. అమెరికన్ ఆంగస్ సంఘం 2017లో ఈ పద్ధతికి మారినది.

తండ్రి తెలియని దూడల సమస్యకు కూడా డీఎన్ఏ పరిష్కారం చూపినది. అనేక ఆబోతులు తిరిగే ఆవరణలో పుట్టిన దూడకు పితృత్వ నిర్ధారణ సాధ్యమైనది. అలా పరీక్షించినపుడు కొన్ని ఆబోతులకు అధిక సంఖ్యలో దూడలు, మరికొన్నింటికి అతి స్వల్పంగా ఉండడం బయటపడుతుంది. మేత తిని, సంతతి ఇవ్వని ఆబోతును గుర్తించడం రైతుకు తక్షణ లాభం.

దాగి ఉన్న లోపాల విషయంలో ఈ మేలు మరింత స్పష్టం. అమెరికా ఆంగస్ మందలలో 2008లో వంకర కాళ్లు, వంకర వెన్నుతో మృతదూడలు పుట్టడం వెలుగులోకి వచ్చినది. ఒక ప్రసిద్ధ వంశం ద్వారా వ్యాపించిన అంతర్గత జన్యు లోపమే ఇందుకు కారణమని తేలినది. కొద్ది నెలలలోనే పరీక్ష అందుబాటులోకి వచ్చినది. వంశాన్ని మొత్తంగా తొలగించవలసిన అవసరం లేకుండా, లోపాన్ని మోసే పశువులను గుర్తించి, రెండు వాహక పశువుల జతను నివారించడం సాధ్యమైనది.

అంకె వెనుక ఉండవలసిన మంద

ఇంతటి శక్తి గల సాధనం ఎక్కడ విఫలమవుతుందో కూడా గమనించవలెను. చిప్ చదివే 50,000 స్థానాలలో ఏ ఒక్కటీ 'ఇది బరువును పెంచును' అని తనంతట తాను చెప్పదు. డీఎన్ఏ పరీక్ష జరిగి, కొలతలు కూడా నమోదైన వేలాది పశువుల ప్రామాణిక మంద ఉన్నపుడే ఆ స్థానాలకు విలువ కట్టడం సాధ్యం. ప్రామాణిక మంద ఎంత పెద్దదో, అందులోని కొలతలు ఎంత శ్రద్ధగా తీసినవో, పరీక్షించవలసిన పశువుకు ఆ మందతో ఎంత దగ్గరి బంధుత్వం ఉన్నదో అనే మూడింటిపై అంచనా నిలుస్తుంది.

ఒక జాతిలో నేర్చిన పాఠం మరొక జాతిలో పనికిరాకపోవచ్చును. మాంసపు మృదుత్వానికి సంబంధించి కాల్పెయిన్ జన్యువులో మొదట గుర్తించిన మార్కర్లు ఐరోపా జాతులలో ఉపయోగపడినవి. జెబూ పశువులలో ఆ స్థానాలు దాదాపు ఒకే రూపంలో ఉండడం వలన అవి మేలు పశువును, సామాన్య పశువును వేరు చేయలేకపోయినవి. జెబూ మాంసం గట్టిగా ఉంటుందన్న ఫిర్యాదు ఎక్కువ గనుక పరీక్ష అవసరం అక్కడే ఎక్కువగా ఉన్నది, అక్కడే అది విఫలమైనది. ఉభయ వర్గాలలోనూ పనిచేసే మరొక మార్కరును 2005లో గుర్తించవలసి వచ్చినది. తొలినాటి చిప్‌లు కూడా ప్రధానంగా ఐరోపా జాతుల వైవిధ్యం ఆధారంగా రూపొందినవే. జెబూ పశువులకు తగిన చిప్‌లు తరువాత వచ్చినవి.

నెలోర్ జాతి ఈ ఇబ్బందిని దాటగలిగినదంటే, చిప్‌లు రాకముందే అక్కడ దశాబ్దాల తూనికలు పోగై ఉండడమే కారణం. దూడను తల్లి నుండి వేరుచేసే నాటి బరువు, ఏడాది బరువు, కోడెల వృషణాల చుట్టుకొలత, పెయ్య తొలిచూలు వయస్సు వంటి రికార్డులు జాతి సంఘాల చేతిలో ఉన్నవి. వృషణాల చుట్టుకొలత సాధారణమైన టేపుతో తీసే కొలత. దాని అనువంశికత మెరుగైనది. అదే వంశంలోని పెయ్యలు త్వరగా ఎదకు రావడంతో దానికి సంబంధం ఉన్నది. నెలోర్ పెయ్యలు ఆలస్యంగా ఎదకు వస్తాయన్నది పాత ఫిర్యాదు. 14 నెలల వయస్సులోనే పెయ్యలను దాటించి, ఏవి చూడి కట్టినవో నమోదు చేస్తూ వచ్చిన మందల వలన ఈ లక్షణానికి జన్యు అంచనా సాధ్యమైనది. టేపు పట్టిన చేతి శ్రమ లేకుండా చిప్‌కు ఈ ఫలితం దక్కేది కాదు.

కొలతల ఖర్చును ఎవరు భరించవలెను

ప్రతి రైతు ప్రతి లక్షణాన్ని కొలవవలెననడం ఆచరణ సాధ్యం కాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఇందుకు రెండు దేశాలు రెండు మార్గాలు చూపినవి. ఉత్తర ఆస్ట్రేలియాలో బ్రాహ్మన్, డ్రౌట్‌మాస్టర్, శాంటా గెర్ట్రూడిస్ జాతుల కొరకు పరిశోధన కేంద్రాలలో ప్రామాణిక మందలను పోషిస్తున్నారు. అక్కడ పెయ్యల అండాశయాలను నిర్ణీత కాలవ్యవధిలో స్కానింగ్ చేసి అవి ఎప్పుడు ఎదకు వచ్చినవో నమోదు చేస్తారు. సాధారణ రైతు ఎన్నటికీ తీయలేని ఈ కొలతను కొద్ది మందలలో లోతుగా తీసి, దాని ఫలాన్ని జన్యు అంచనా ద్వారా జాతి మొత్తానికి పంచుతారు. ఐర్లండ్ మరొక దారి పట్టినది. మాంసపు పశువుల డేటా, జన్యు కార్యక్రమం పేరిట 2015 నుండి ఐరోపా సమాజ నిధులతో, ఈతలను, దూడల గుణాలను నమోదు చేసి డీఎన్ఏ నమూనాలు పంపిన రైతులకు ఆవుల సంఖ్యను బట్టి చెల్లింపులు చేసినది. కొలత ప్రజోపయోగకరమైన పని గనుక దాని ఖర్చును ప్రజాధనం భరించవలెనన్న సూత్రాన్ని ఈ రెండు దేశాలూ అంగీకరించినవి.

ప్రైవేటు పరీక్షల ధర తగ్గుతున్న కొద్దీ ఈ సూత్రాన్ని మరచిపోయే ప్రమాదం ఉన్నది. పరీక్ష చవక, కొలత ఖరీదు. అందరూ పరీక్షించి, ఎవరూ కొలవని నాడు పాత కొలతలపై కట్టిన అంచనాలు తరం మారిన కొద్దీ బలహీనపడతాయి. బంధుత్వం దూరమవుతుంది. అంకెలు మాత్రం మునుపటి అందంతోనే కాగితంపై కనిపిస్తూ ఉంటాయి.

లక్ష్యం ఎవరిది

అంకెను చదవడంలోనూ జాగ్రత్త అవసరం. ఆస్ట్రేలియాలో ప్రకటించే విలువ పశువు సొంత జన్యు విలువ. అమెరికాలో, బ్రెజిల్‌లో ప్రకటించేది సంతతిలో కనిపించవలసిన తేడా, అంటే అందులో సగం. ఉదాహరణకు ఒక ఆబోతు సొంత విలువ 20 కిలోలు అధికమైతే, దాని దూడలు సగటున 10 కిలోలు మాత్రమే అధికంగా తూగుతాయి. ఈ తేడా తెలియక రెండు దేశాల పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. అంకె పక్కన ముద్రించిన ఖచ్చితత్వాన్ని చూడకుండా ఆబోతును కొనడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఇంతకన్నా లోతైన విషయం మరొకటి ఉన్నది. ప్రతి జన్యు విలువా ఒక లక్ష్యాన్ని తనలో మోస్తుంది. నెలోర్ విలువలు పచ్చికబయలుపై త్వరగా బరువు పెరిగే పశువు కొరకు లెక్కించినవి. బరువునే ముఖ్యంగా ఎంచిన చోట ఆవు శరీర పరిమాణం పెరిగి, దానిని పోషించే మేత ఖర్చు కూడా పెరుగుతుంది. కొలవని లక్షణం ఎంపికలో లేనట్లే. అది ఏ దిశలో మారుతున్నదో కూడా తెలియదు. కొద్ది మూలపురుషుల నుండి వచ్చిన జాతిలో, అధిక విలువలు గల కొద్ది ఆబోతులనే అందరూ వాడితే అంతఃప్రజననం పెరుగుతుంది. తరాల వ్యవధి తగ్గిన కొద్దీ ఈ పెరుగుదల వేగం పుంజుకొంటుంది. జతల నిర్ణయంలో బంధుత్వాన్ని అదుపు చేయడానికి కూడా డీఎన్ఏ సమాచారమే మేలైన సాధనం. ఆ ఉపయోగానికి వేలంపాటలో ధర పలకదు గనుక జాతి సంఘాలే ఆ బాధ్యతను వహించవలసి ఉన్నది.

ఒంగోలు స్వస్థలానికి సంబంధించి

బ్రెజిల్‌లో అభివృద్ధి చెందిన నెలోర్ వీర్యాన్ని తెప్పించి స్వదేశీ ఒంగోలును మెరుగుపరచవలెనన్న ఆలోచన ఆకర్షణీయంగా కనిపిస్తుంది. పై చర్చ వెలుగులో దానిని పరీక్షించవలెను. మాంసోత్పత్తి ఇక్కడి ఒంగోలు ప్రజననానికి లక్ష్యం కాదు. ఇక్కడి రైతు ఆశించేది ఆవు నుండి పాలు, క్రమమైన ఈతలు. ఎద్దు నుండి కాలిగట్టితనం, సేద్యపు సత్తువ, బండలాగుడు పోటీలలో నిలిచే బలం. మాంసపు బరువు కొరకు లెక్కించిన అంకె ఈ గుణాలను గురించి ఏమీ చెప్పదు. పాల విషయంలో అది మేలు చేయునో కీడు చేయునో తేల్చగల కొలతలు కూడా ఆ పట్టికలలో లేవు. దశాబ్దాలుగా వేరు లక్ష్యంతో, వేరు మేతపై, వేరు రక్తమిశ్రమంతో మలచిన పశువు పేరులో బంధువే కావచ్చును. దాని వలన ఇక్కడి మంద మెరుగుపడునన్న హామీ మాత్రం లేదు.

సాధనాలు ఇక్కడా లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ స్వదేశీ జాతుల కొరకు రూపొందించిన 'ఇండిగౌ' చిప్ 2021లో విడుదలైనది. అందులో సుమారు 11,500 మార్కర్లు ఉన్నవి. గుంటూరు సమీపంలోని లాం, ప్రకాశం జిల్లాలోని చదలవాడ క్షేత్రాలు ఒంగోలు మందలకు పేరెన్నికగన్నవి. పశువుల చెవులకు వేస్తున్న 12 అంకెల గుర్తింపు బిళ్ల వలన ప్రతి పశువుకు ఒక సంఖ్య లభించినది. చిప్ ఉన్నది, మంద ఉన్నది, సంఖ్య ఉన్నది. ఈ మూడింటినీ కలిపే కొలతల పుస్తకమే కావలసి ఉన్నది.

ఆ పుస్తకం ఆరంభించడానికి గొప్ప వ్యయం అవసరం లేదు. క్షేత్రాలలోని మందలను ప్రామాణిక మందగా ప్రకటించి, వాటిలో పుట్టిన ప్రతి దూడ పుట్టుక బరువు, ఏడాది బరువు, పెయ్య తొలి ఈత వయస్సు, ఈతల మధ్య వ్యవధి, పాల దిగుబడి తప్పకుండా నమోదు చేయవలెను. క్షేత్ర మంద ఒక్కటే చిన్నది గనుక పరిసర గ్రామాలలో ఒంగోలు పశువులను పోషించే రైతులను ఇందులో చేర్చవలెను. రికార్డు రాసిన రైతుకు పారితోషికం ఇవ్వవలెను. తన పశువు సమాచారం తన భాషలో, తనకు అర్థమయ్యే రూపంలో, ఆ ఏడాదే తిరిగి చేరవలెను. సమాచారం తీసుకొని ఫలితం చెప్పని పథకానికి రైతు రెండవసారి తలుపు తీయడు. ఆ సమాచారంపై హక్కు ఎవరిదో మొదటి రోజే రాతపూర్వకంగా తేల్చవలెను. ఏ గుణాలను ఎంత ప్రాధాన్యంతో మెరుగుపరచవలెనన్న నిర్ణయంలో ఆ రైతులకు స్థానం ఉండవలెను.

కరవది ఆబోతును పంపిన నేలపై దాని బంధువుల తూనికలు నేటికీ పూర్తిగా పుస్తకానికి ఎక్కలేదు. దానిని అందుకొన్న నేలపై దాని మునిమనుమల మునిమనుమల తూనికలు సైతం లెక్కలో ఉన్నవి. జన్యు సమాచారం ఈ రెండవ నేలకే ముందుగా మేలు చేయడంలో ఆశ్చర్యం లేదు. చిప్‌ల కొనుగోలుకు నిధులు కేటాయించే ప్రతి ప్రణాళికలోనూ, ఆ పద్దుకు పైన, తూనిక యంత్రానికి, రికార్డు రాసే ఉద్యోగికి, రైతు పారితోషికానికి ఒక పద్దు ఉండవలెను. అది లేని ప్రణాళికను పరిశోధన మండళ్లు ఆమోదించకుండా తిప్పి పంపడం ఉచితం.